తెర మీద సంగటి ముద్ద: తినడాన్ని నటించడం ఎందుకంత కష్టం?

పెన్నేటి గట్టు (తాడిపత్రి)

సభ్యులందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం కలిసి అనంతపురం పరిసర గ్రామాల్లో ఒక లఘుచిత్రం తీయబోతున్నాము. కథకంతటికీ ఆయువుపట్టు ఒక రాత్రి భోజనం. తండ్రికి చెప్పకుండా కొడుకు చేను అమ్మకానికి బయానా తీసుకున్నాడు. ఆ మాట తండ్రి చెవిన అప్పటికే పడింది, పడినట్టు కొడుక్కు తెలియదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సంగటి, వంకాయ పులుసు తింటారు. మాటలు చాలా తక్కువ, కాబట్టి వాళ్ళు తినే తీరులోనే ప్రేక్షకుడు విషయమంతా గ్రహించాలి.

కొడుకు వేషం వేస్తున్న యువకుడు మంచి నటుడే, అయితే కృష్ణా జిల్లాలో పెరిగినవాడు. మొదటి రిహార్సల్‌లో సంగటిని అన్నంలాగా పులుసులో పిసికి, కలిపి, నమలడం మొదలుపెట్టాడు. ముద్దలోంచి ఉసిరికాయంత తుంచుకొని, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలోకి పులుసు తీసుకొని, పంటికి తగలనీయకుండా మింగాలని చూపించాము. త్వరలోనే నేర్చుకున్నాడు. ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, నేర్చుకున్నాడన్న సంగతి స్పష్టంగా కనబడుతోంది. ప్రతి ముద్దా పరీక్షలో జవాబు రాసినట్టుగా ఉంది.

ఏడుపు, కోపం, తాగుడు వంటివి నటించడంలో మనవాళ్ళకు తిరుగులేదు. తిండి దగ్గరకు వచ్చేసరికి ఎందుకిలా తేలిపోతారు? నాటకం, సినిమా, వంట తెలిసినవారు ఇక్కడ ఉన్నారు గనుక అడుగుతున్నాను.

రంగస్థలి (కడప)

పెన్నేటి గట్టు గారూ, నాటకం వైపు నుంచి నాకు తోచింది చెబుతాను. మా జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారి బృందం కీచకవధ ప్రదర్శించడంతో సురభి నాటకాలు మొదలయ్యాయి. ఆ కథలో భీముడు వలలుడన్న పేరుతో విరాటుని కొలువులో వంటవాడిగా ఉంటాడు. అయినా నేను చూసిన ఏ కీచకవధలోనూ వలలుడు ఏదైనా వండగా గానీ తినగా గానీ చూడలేదు. చేతిలో గరిటె ఉంటే చాలు, వంటశాల అంతా వచ్చేసినట్టే. రంగస్థలం మీద వంటకానికి గుర్తు ఉంటుంది, వంటకం ఉండదు. ఖాళీ లోటా ఎత్తి తాగితే వెనుక వరుసలో కూర్చున్నవాడు అందులో నీళ్ళున్నాయనే నమ్ముతాడు.

అయితే ఖాళీ లోటాతో తాగడానికి కూడా ఒక సాధన ఉంది. నేను చాలాకాలం పద్యనాటకాల్లో వేషాలు వేశాను. నాకు నేర్పిన పెద్దాయన మొదట నిండు లోటా ఇచ్చి తాగించేవారు. నిండుగా ఉన్నప్పుడు మణికట్టు ఎంత వంగుతుందో, సగమయ్యాక చెయ్యి ఎలా తేలికవుతుందో గమనించమనేవారు. అది ఒంటబట్టిన తరువాతే నీళ్ళు తీసేసేవారు. చాలామంది నటులు లోటా ఎత్తుతారు, తల వెనక్కి వాలుస్తారు, గుటక మాత్రం మరచిపోతారు.

మీ కుర్రవాడి చేతిని మీరు సరిదిద్దారు, గొంతును వదిలేశారని నా అనుమానం. సంగటి మింగేటప్పుడు మెడ కొద్దిగా ముందుకు వస్తుంది, గొంతుముడి కదులుతుంది, ఆ తరువాతే చూపు మళ్ళీ కంచం మీదకు దిగుతుంది. గొంతుముడి కదలకముందే చూపు దించేస్తే, ముద్ద ఇంకా నోట్లోనే ఉందని చూసేవాడికి తెలిసిపోతుంది. నాటకంలో ఇది చెల్లిపోతుంది, క్లోజప్‌లో చెల్లదు.

కట్ చెప్పనివాడు (హైదరాబాదు, సొంతూరు ఆదోని)

నేను దర్శకత్వ శాఖలో పనిచేస్తున్నాను. నటుణ్ణి తప్పుపట్టే ముందు, మేము అతణ్ణి ఎలాంటి స్థితిలో కూర్చోబెడతామో చెప్పడం న్యాయం.

ఇంట్లో పావుగంటలో ముగిసే భోజనం సెట్లో సగం పూట నడుస్తుంది. మొదట ఇద్దరూ కనిపించే మాస్టర్ షాట్, తరువాత తండ్రి భుజం మీదుగా కొడుకు, కొడుకు భుజం మీదుగా తండ్రి, ఆపైన ఇద్దరి క్లోజప్‌లు, చివరికి కంచం, వేళ్ళు మాత్రమే కనిపించే ఇన్సర్ట్‌లు. కెమెరా జరిగినప్పుడల్లా లైట్లు జరపాలి. మాస్టర్‌లో ‘చేను’ అన్న మాట దగ్గర ముద్ద తుంచితే, మిగిలిన షాట్లన్నిటిలోనూ ఆ మాట దగ్గరే తుంచాలి. లేకపోతే ఎడిటర్ ఒక షాట్ నుంచి మరొక షాట్‌కు వెళ్ళలేడు. కంచంలో సంగటి ఎంత తరిగిందో, పులుసు ఏ అంచున అంటిందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకొని, మరుసటి టేకుకు కంచాన్ని మళ్ళీ అదే స్థితికి తేవడం మా పని. మాటలు గుర్తు పెట్టుకోవాలి, భావం చూపాలి, లైటు తప్పిపోకూడదు, వీటన్నిటితో పాటు ఏ అక్షరం దగ్గర ఎంత తుంచాడో కూడా నటుడు గుర్తు పెట్టుకోవాలి. అలా గుర్తు పెట్టుకొని తినేవాడు సహజంగా ఎలా తినగలడు?

అందుకే అనుభవమున్న నటులు తినడమే మానేస్తారు. ఈసారి ఏదైనా సినిమా చూసేటప్పుడు గమనించండి: కలుపుతూనే ఉంటారు, ముద్ద నోటి దాకా వస్తుంది, ఎదుటివాడు ఏదో అంటాడు, చెయ్యి ఆగిపోతుంది, కంచం తోసి లేచిపోతారు. కథలో అది కోపం, మాకు మాత్రం అది కంటిన్యూయిటీ నుంచి విముక్తి. నిజంగా తినే నటులకు ‘కట్’ అనగానే ఉమ్మడానికి పక్కన బకెట్ పెడతాము. సంగటికి ఆ వెసులుబాటు కూడా లేదు. నమలకుండా మింగేది కాబట్టి నోట్లో దాచుకోవడం కుదరదు. ఎన్ని టేకులైతే అన్ని ముద్దలూ కడుపులోకి పోవలసిందే.

ఇక శబ్దం సంగతి. మన దగ్గర చాలా చిత్రాలకు మాటలు తరువాత డబ్బింగ్ థియేటర్లో చెబుతారు. అక్కడ కంచం ఉండదు, ముద్ద ఉండదు. నోరు నిండుగా ఉన్నట్టు పలకడానికి బుగ్గలో వేలు దోపుకొని చెప్పినవారిని చూశాను. కొన్నిసార్లు బాగానే కుదురుతుంది. చాలాసార్లు బుగ్గలు ఉబ్బిన మనిషి నోటి నుంచి నిఖార్సైన ఉచ్చారణ వినబడి, ఎంత బాగా నటించినా చెడిపోతుంది. మీకు వీలైతే ఈ ఒక్క సన్నివేశానికైనా ధ్వనిని అక్కడికక్కడే పట్టండి.

వంటసాల (కర్నూలు)

గండికోట, బెలుం గుహల వైపు చిత్రీకరణకు వచ్చే బృందాలకు మేము భోజనాలు పంపుతుంటాము. యూనిట్‌కు వండడం ఒక పని, తెర మీద కంచానికి వండడం వేరే పని. రెండోదానికి ముందుగా చెప్పేవారు అరుదు.

ఒక చిత్రం వారు, పేరెందుకు లెండి, కర్నూలు ఇంట్లో పొద్దుటి ఫలహారమని ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తెప్పించారు. ఉగ్గాణి అంటే తెలుసు కదా, బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి అప్పటికప్పుడు తినేది. పొద్దున పంపింది మధ్యాహ్నం భోజనాల తరువాత షాట్‌కు పెట్టారు. బొరుగులు ఎండి బిరుసెక్కితే నీళ్ళు చల్లారు, నీళ్ళు చల్లితే ముద్దగా అయింది, మెరుపు రావాలని పైన నూనె పూశారు. చూడడానికి పసుపు రంగులో అందంగానే ఉంది. హీరోయిన్ మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే ముఖంలో కనిపించిన భావం ఆ రోజంతటికీ నిజమైన నటన. దర్శకుడు దాన్ని తీసేసి మళ్ళీ చేయమన్నారు.

సంగటికి వేడే ప్రాణం. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో తెడ్డుతో గుంట చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతాము. పిండి పచ్చివాసన పోయాక దించి, ఉండలు లేకుండా గెలికి, తడి చేత్తో ముద్ద కడతాము. అప్పుడది నిగనిగలాడుతుంది, తుంచితే కొద్దిగా సాగుతూ వస్తుంది. చల్లారితే పైన పొర కట్టి, తుంచితే పెళ్ళగా విరుగుతుంది. ఇది ప్రేక్షకుడికి తెలియకపోవచ్చు, నటుడి వేళ్ళకు తెలుస్తుంది. వేడి సంగటి ముందు కూర్చున్నవాడు నడిమధ్యన వేలు పెట్టడు. అంచున తుంచి, చుర్రుమంటే ఒక్క క్షణం వదిలి, పులుసులో అద్ది చల్లార్చుకుంటాడు. ఆ తడబాటు నేర్పితే రాదు, వేడి సంగటి పెడితే దానంతటదే వస్తుంది. మీ కుర్రవాడికి రిహార్సల్‌లో ఎప్పటి సంగటి పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి.

బురుజు నీడ (కర్నూలు)

అందరి మాటలూ బాగున్నాయి గానీ, నాకిందులో అక్కరలేని పట్టింపు కనబడుతోంది. 1925లో వచ్చిన ‘ది గోల్డ్ రష్’లో చార్లీ చాప్లిన్ తన బూటును ఉడకబెట్టుకొని తింటాడు. చిత్రీకరణ కోసం ఆ బూటును అతిమధురంతో చేశారు. బూటును తినే సరైన పద్ధతి ఏ ఊళ్ళోనూ లేదు కదా! అయినా వందేళ్ళుగా ప్రపంచం ఆ ఆకలిని నమ్ముతోంది. మన ‘మాయాబజార్’నే తీసుకోండి. 1957 మార్చి 27న విడుదలైన ఆ చిత్రంలో మాధవపెద్ది సత్యం గళానికి ఎస్.వి.రంగారావు గారు ఆ విందు ముందు కూర్చుని అభినయిస్తుంటే, లడ్డూలు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి వెళ్తాయి. చేత్తో తుంచడం, పులుసులో అద్దడం అన్న ప్రసక్తే లేదు. ఆ పాట చూశాక ఆకలి వేయని తెలుగువాడు ఉన్నాడా?

కావలసింది ఆకలి, పద్ధతి కాదు. అతడికి సంగటి చేతకాకపోతే ఆ పూట అన్నం వండారని రాసుకోండి. కథకు వచ్చిన నష్టమేమీ లేదు.

పెన్నేటి గట్టు (తాడిపత్రి)

బురుజు నీడ గారూ, మీ ఉదాహరణలు రెండూ నాకు ఇష్టమైనవే, కానీ అవి మీ వాదానికి ఎదురు తిరుగుతున్నాయి. చాప్లిన్ ఆ బూటును ఎలా పడితే అలా తినడు. పెద్ద హోటల్లో భోజనం చేసే మర్యాదస్థుడిలాగా మేకులను ఎముకల్లా చీకుతాడు, తాళ్ళను ఫోర్కుకు చుట్టుకుంటాడు. హాస్యమంతా ఆ పద్ధతిలోనే ఉంది. పద్ధతి తీసేస్తే మిగిలేది ఒక దీనుడు మాత్రమే. ఘటోత్కచుడి విషయం వేరు. అతడికి ఆకలి తప్ప దాచుకోవలసింది ఏమీ లేదు, కాబట్టి లడ్డూలు ఎగిరి వచ్చినా మనం నమ్ముతాము. మా కథలో కొడుక్కు అసలు ఆకలే లేదు. తినకపోతే తండ్రికి అనుమానం వస్తుందని తింటున్నాడు. ఆకలి లేనివాడు తినేది అలవాటు బలం మీదే, ఆ అలవాటే మా వాడికి లేదు.

‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రిలో పుట్టినవారే. స్క్రిప్టు పూర్తిగా సిద్ధమై, ఏ సన్నివేశం ఎంతసేపు నడుస్తుందో స్టాప్‌వాచ్‌తో లెక్కగట్టుకున్నాకే ఆయన చిత్రీకరణకు వెళ్ళేవారని ప్రసిద్ధి. ఆ పాటలో లడ్డూలు లేచింది కూడా అంత లెక్క ఉండబట్టే. వంటసాల గారు అడిగినదానికి జవాబు: రిహార్సల్‌లో పెట్టింది పొద్దుటి సంగటి. మీరు చెప్పాకే అది ఆలోచించవలసిన విషయమని తెలిసింది.

చెనిక్కాయ చేను (కదిరి)

మీ సన్నివేశంలో వేట మాంసం లేకుండా వంకాయ పులుసు పెట్టినందుకు ముందుగా అభినందనలు. సీమ భోజనమంటే సినిమాకు తెలిసింది ఒక్కటే: పెద్ద పళ్ళెం నిండా ముక్కలు, తినేవాడి మెడలో బంగారం, వెనుక చేతులు కట్టుకున్న అనుచరులు. తింటూ తింటూ ఒకణ్ణి చంపమని కనుసైగ చేస్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వర్షం పడే అనంతపురం ప్రాంతంలో చెనిక్కాయ పండించే కుటుంబం మధ్యాహ్నం చేని గట్టున జొన్నరొట్టె మీద ఊరుబిండి వేసుకొని, ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది పగలగొట్టుకొని తినే దృశ్యం తెర మీద నేను చూసింది చాలా తక్కువ.

ఇక్కడ తిండి చరిత్రంతా కరువు చరిత్రే. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు తన గాదెలు తెరిచి వేలాదిమందికి అన్నం, గంజి పెట్టారని ఈనాటికీ పాటలుగా పాడుకుంటారు. ఆ తరువాత పదేళ్ళకే, 1876లో, ధాత కరువు మొదలై 1878 దాకా పీడించింది. ఇంత కథ ఉన్న నేల మీద అన్నదాత గురించి కాక అన్నం ముందు కత్తి పట్టినవాడి గురించే సినిమాలు రావడం నాకు అర్థం కాదు. (విషయం దాటుతున్నానని తెలుసు, ఇక్కడితో ఆపుతాను.)

మీ సన్నివేశానికి సంబంధించి ఒక సూచన. కరువు చూసిన తరం మనిషి కంచాన్ని వదిలే తీరు వేరు. మా తాతగారు చివరి ముద్దతో కంచం చుట్టూ తుడిచి తిని, అదే కంచంలో నీళ్ళు పోసుకొని తాగేవారు. మీ తండ్రి పాత్ర అలా శుభ్రంగా ముగిస్తే, ఎదురుగా కొడుకు కంచంలో మిగిలిపోయిన సగం ముద్ద చాలు. చేను గురించి ఎవరూ నోరు తెరవనవసరం లేదు. కావాలంటే తండ్రి ఆ మిగిలిన ముద్దను తన కంచంలోకి తీసుకోవచ్చు.

బురుజు నీడ (కర్నూలు)

కంచం తుడవడం వరకు ఒప్పుకుంటాను. మిగిలిన ముద్ద తండ్రి తీసుకోవడం మాత్రం వద్దు. కన్నీళ్ళ కోసం పెట్టారని ఆమడ దూరం నుంచే తెలుస్తుంది. పెన్నేటి గట్టు గారి జవాబుకు మాత్రం నా దగ్గర ఎదురు మాట లేదు. ఆకలి లేనివాడు తినడమన్న కోణం నేను ఆలోచించలేదు. అయినా అన్నం మీద నా సూచనను వెనక్కి తీసుకోవడం లేదు.

రంగస్థలి (కడప)

ఆకలి లేనివాడు అలవాటు బలం మీద తింటాడన్న మాట దగ్గరే మీకు దారి దొరుకుతుందనుకుంటున్నాను. అలవాటుగా చేసే పనిని మనం చూస్తూ చేయము. మీ కుర్రవాడు తన వేళ్ళనే చూసుకుంటున్నంత కాలం ఎంత నేర్పినా ప్రయోజనం ఉండదు. అతడి ధ్యాసను ఇంకెక్కడికైనా మళ్ళించాలి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలవారి ఆట చూసేవుంటారు. తోలుబొమ్మ ఎలాగూ తినలేదు. అయినా జుట్టుపోలిగాడు, బంగారక్క తిండి గురించి పోట్లాడుకుంటుంటే ఆ తిండి మన కళ్ళ ముందుంటుంది, ఎందుకంటే ఆడించేవాడి ధ్యాస తిండి మీద ఉండదు, పోట్లాట మీద ఉంటుంది. రాగాలాపన తగ్గించి భావానికి పెద్దపీట వేసిన బళ్ళారి రాఘవ గారు కూడా మీ తాడిపత్రిలోనే పుట్టారు కాబట్టి ఈ మాట మీకు కొత్త కాదు.

నా సూచన ఇది. కొడుకు చొక్కా జేబులో ఫోన్ పెట్టండి, మోత లేకుండా వణికేటట్టు. బయానా ఇచ్చినవాడు ఆ రాత్రి పదే పదే ఫోన్ చేస్తున్నాడనుకోండి. ఎప్పుడు చేస్తారో నటుడికి చెప్పకండి. మీలో ఎవరో ఒకరు టేకు నడుస్తుండగా నిజంగానే చేయండి. తండ్రికి వినబడిందా లేదా అన్న భయంతో కొడుకు చెవి జేబు మీద, కన్ను తండ్రి మీద ఉంటాయి. చెయ్యి తన పని తాను చూసుకుంటుంది. తప్పు తుంచినా పరవాలేదు, నమిలినా పరవాలేదు. అప్పుడది పాత్ర కంగారుగా కనిపిస్తుంది.

కట్ చెప్పనివాడు (హైదరాబాదు, సొంతూరు ఆదోని)

రంగస్థలి గారి ఉపాయం అద్భుతంగా ఉంది, దర్శకత్వ శాఖకు మాత్రం పీడకల. టేకు టేకుకూ ఫోన్ వేరే వేరే చోట వణికితే ఏ రెండు షాట్లూ కలవవు. అందుకని పద్ధతి మార్చండి. మామూలుగా మాస్టర్‌తో మొదలుపెడతాము కదా, మీరు రెండు కెమెరాలు తెచ్చుకొని తండ్రి క్లోజప్, కొడుకు క్లోజప్ ఒకేసారి పట్టండి. ఒక టేకులో జరిగింది రెండు వైపులా దొరుకుతుంది కాబట్టి ముద్దల లెక్క ఎవరూ గుర్తు పెట్టుకోనక్కరలేదు. రెండో కెమెరా మొదటి కెమెరా కంట పడకుండా కొంచెం పక్కకు జరపాలి, లైటింగ్‌లో కొంత రాజీపడాలి. మీ కెమెరామన్ గొణుగుతారు, గొణగనివ్వండి. బాగా వచ్చిన టేకును ఎంచుకున్నాక, దానికి సరిపడేటట్టు మాస్టర్ చివర్లో తీయండి. దూరపు షాట్‌లో వేళ్ళ తేడా ఎవరికీ పట్టుబడదు.

ఇంకొక మాట. రాత్రి సన్నివేశాన్ని రాత్రే తీయండి, ఆ సాయంత్రం నటులిద్దరికీ చిరుతిండి పెట్టకండి.

వంటసాల (కర్నూలు)

చివరి సలహా ఒక్కటీ నేను ఒప్పుకోను. పాత్రకు ఆకలి లేదని పెన్నేటి గట్టు గారే చెప్పారు, మరి నటుణ్ణి పస్తు ఉంచి సాధించేదేమిటి? అతడికి సాయంత్రం కడుపు నిండా పెట్టండి. నిండిన కడుపుతో వేడి సంగటి ముందు కూర్చోబెడితే ముద్ద దిగడానికి పడే ఇబ్బంది ముఖంలో దానంతటదే కనిపిస్తుంది, పైగా అది మీ కథకు కావలసిన ఇబ్బందే.

సంగటి ఒకేసారి వండి తేవడం కుదరదు. అక్కడే పొయ్యి పెట్టించి, రెండు గిన్నెల్లో కొంత ఎడంగా ఎసరు పెడితే, ఒకటి వాడుతుండగా రెండోది తయారవుతుంది. గాలి ఏ వైపు వీస్తుందో చూసి, పొగ కెమెరాలోకి, తెడ్డు చప్పుడు మైకులోకి రానంత దూరంలో పొయ్యికి చోటు చూపించండి. పులుసు మాత్రం ముందు రోజుదే పెట్టండి, వంకాయ పులుసు మరుసటి రోజుకే రుచి. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, వచ్చి వండిపెడతాను.